కాగితం మీద మూడు పొట్టలు

మా కృష్ణా జిల్లా భోజనాల్లో నోటితో "వద్దు" అంటే అది లెక్కలోకి రాదు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి. పెట్టినా ఆగరనుకోండి. వేళ్ళ మీదే పప్పు వేస్తారు, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి జారుస్తారు. చురుక్కుమని చెయ్యి తీశామా, ఇంకో గరిటె పడుతుంది. అది మర్యాద. అలా బలవంతం చెయ్యకుండా చుట్టాన్ని పంపిస్తే, ఆ ఇల్లాలికి పెట్టే చెయ్యి లేదని ఊరంతా అనుకుంటారు. పామర్రులో పుట్టి పెరిగినదాన్ని, అడ్డం పెట్టిన చేతులు ఎన్ని చూశానో చెప్పలేను. గెలిచిన చెయ్యి ఒక్కటి చూళ్ళేదు.

మా నాన్న అసలు చెయ్యి అడ్డం పెట్టే మనిషే కాదని మావాళ్ళంతా అనేవాళ్ళు. ధాన్యం కాటా ఎక్కి తూగి, "బస్తాన్నర ఉన్నానురోయ్" అని మురిసిపోయేవాడు. ధాన్యం బస్తా అంటే డెబ్భై ఐదు కిలోలు. అప్పట్లో మా ఊళ్ళో సన్నగా ఉన్నవాణ్ణి చూసి జాలిపడేవాళ్ళు, ఒళ్ళు చేసినవాడికి కుర్చీ వేసేవాళ్ళు. తొంభైల మొదట్లో ఆయనకి కుడికాలి మీద పుండు పడింది. సుగర్ అన్నారు. తిండి తగ్గించమన్నారు. పుండు మానలేదు, మోకాలి కిందికి కాలు తీసేశారు. ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. యాభై రెండేళ్ళు. "నోరు కట్టుకోలేకపోయాడు, పాపం" అన్నారు మా చుట్టాలు, పెద్దకర్మ భోజనాల్లో మూడోసారి గారెలు వేయించుకుంటూ. నేనూ అన్నాను. ఆ తర్వాత పదిహేనేళ్ళపాటు ఎవరు అడిగినా అదే మాట చెప్పాను.

ఆ పదిహేనేళ్ళలో నేను కూడా బస్తాన్నర అయ్యాను. అప్పుడు విజయవాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆఫీసులో నా కుర్చీకి చేతులుండేవి కావు, ఉంటే నేను పట్టనని అటెండరే ఊడదీసి పెట్టాడు. నేను అడగలేదు. ఆ మంచితనానికి అతని మీద ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. సుగర్ ముప్పై ఆరో ఏటే వచ్చింది. మాత్రలయ్యాయి, ఇన్సులిన్ అయింది, ఇన్సులిన్ రెండుపూటలా అయింది.

2007లో కొత్త చెప్పు కరిచి కుడికాలి చిటికెనవేలు పక్కన చిన్న పుండు పడింది. చెప్పు కరవడం ఎవరికి జరగదు? వారంలో మానాలి. నాకు ఐదు నెలలు పట్టింది. కట్టు మార్చిన ప్రతిసారీ సుగర్ డాక్టరుగారు ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని, ఏమీ అనకుండా మందుల చీటీ రాసేవారు. ఒకరోజు చీటీ రాయలేదు. "ఇన్సులిన్ పెంచుకుంటూ పోవడం తప్ప నా దగ్గర ఇంకేం మిగల్లేదమ్మా. బరువు తగ్గే ఆపరేషన్ సంగతి ఆలోచించండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "పొట్ట కోయించుకుని సన్నబడ్డానికి మేమేమన్నా సినిమావాళ్ళమాండీ?" అన్నాను.

"సన్నబడ్డానికి కాదమ్మా. కాలు ఉంచుకోడానికి" అన్నారాయన.

ఇంటికొచ్చి, కాలు స్టూలు మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. అది కుడికాలు. నాన్నదీ కుడికాలే. భయం వేసింది, దాచుకునేదేముంది.

ఆ ఆపరేషన్లు చేసే సర్జన్ ఒకాయన ప్రతి శనివారం హైదరాబాద్ నుంచి బెజవాడ వచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూసేవాడు. చిన్నవాడు, బొత్తిగా పుల్లలా ఉన్నాడు. ఇతనికి మా ఆకలి ఏం తెలుస్తుందిరా నాయనా అనుకున్నాను. అతను తెల్లకాగితం తీసి దాని మీద మూడు పొట్టలు గీశాడు. అచ్చం వంకాయల్లాగే ఉన్నాయి.

మొదటి పొట్ట మెడకి ఒక ఉంగరం గీశాడు. రబ్బరులాంటి పట్టీ, పైన బిగిస్తారు, కొంచెం తినగానే నిండినట్టుంటుంది. చర్మం కింద చిన్న బిళ్ళ పెడతారు, దాంట్లోకి సూదితో నీళ్ళెక్కించి పట్టీని బిగించొచ్చు, వదులు చెయ్యొచ్చు, అక్కర్లేదనుకుంటే తీసేయొచ్చు. రెండో పొట్టని నిలువునా కోసి ముప్పావు వంతు కొట్టేశాడు. మిగిలింది అరటికాయంత. తీసిన ముక్క తిరిగి రాదు. ఇది కొత్తగా వస్తున్న పద్ధతనీ, పదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంకా పదేళ్ళు గడవలేదనీ అన్నాడు. నిజం చెప్పినందుకు ఆ కుర్రాడి మీద కొంచెం గౌరవం కలిగింది. మూడోది బైపాస్. పొట్ట పైన నిమ్మకాయంత సంచీ చేసి, పేగుని కింద నుంచి తెచ్చి దానికి అతుకుతారు. తిండి అసలు పొట్టలోకి పోకుండా పక్కదారిన పోతుంది. సుగర్ మీద బాగా పనిచేస్తుంది. కానీ బతికున్నన్నాళ్ళూ విటమిన్లు, ఐరన్ మింగాలి. తీపి ఎక్కువ తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి పడుకోవాల్సి వస్తుంది. మళ్ళీ మామూలుగా మార్చడం దాదాపు కుదరదు.

"మీ సుగర్‌కీ మీ కాలికీ మూడోదే మంచిదని నా ఉద్దేశం. నిర్ణయం మాత్రం మీది" అని కాగితం నా చేతికిచ్చాడు.

మావారు ఇంటికొచ్చి గ్రాఫు కాగితం మీద గడులు కొట్టారు. మూడు ఆపరేషన్లకీ లాభాలు, నష్టాలు, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు అన్నీ రాసి మార్కులు వేశారు. మూడోదానికే ఎక్కువొచ్చాయి. నేను అది మడిచి పోపులడబ్బా కింద పెట్టాను. మా వైపు పొలం కొనాలన్నా పిల్లనివ్వాలన్నా పదిమందిని అడగాలి. ఆపరేషన్ కూడా అంతే. సర్జన్ గీసిన కాగితం కంకిపాడులో మా మేనత్త ఇంటికి వెళ్ళింది, విజయవాడలోనే ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది, పామర్రులో మా అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మూడు పొట్టల్నీ చూసి, మొదటిదాని మీద వేలు పెట్టింది. "ఉంగరమే నయం. మోజు తీరాక తీసి పెట్టుకోవచ్చు" అంది.

నాకూ సరిగ్గా అదే నచ్చింది. పైకి మాత్రం "అదైతే కోత లేదు, ప్రమాదం తక్కువ" అని చెప్పుకున్నాను.

సర్జన్ ఊరికే వదల్లేదు. ఉంగరం వేయించుకున్న ఒకావిడతో మాట్లాడమని పంపించాడు. వన్‌టౌన్‌లో బట్టల షాపున్న ముస్లిం కుటుంబం, మూడంతస్తుల ఇరుకు మేడ. ఆ మెట్లెక్కి నేను ఆయాసపడుతుంటే ఆవిడ ఫ్యాను నా వైపు తిప్పి, టీ ఇచ్చి, దాపరికం లేకుండా మాట్లాడింది. "బిర్యానీ రెండు ముద్దలు తింటే మూడోది ఇక్కడ ఇరుక్కుంటుందమ్మా" అని గొంతు కింద చెయ్యి పెట్టుకుంది. "పెళ్ళిళ్ళలో లేచి బాత్‌రూమ్‌కి పరిగెత్తాలి. కానీ ఐస్‌క్రీమ్ గిన్నెడు జారిపోతుంది. ఖీర్ జారిపోతుంది. అదే నా ఖర్మ. ఇరవై కిలోలు తగ్గాను, పన్నెండు మళ్ళీ వచ్చింది."

ఆవిడ హెచ్చరిస్తోంది. నాకు వినపడింది మాత్రం ఐస్‌క్రీమ్ జారిపోతుందన్న ముక్కే. అబ్బ, పరవాలేదన్నమాట అనుకుంటూ మెట్లు దిగాను. ఆ శనివారమే వెళ్ళి ఉంగరమని చెప్పేశాను.

సర్జన్ తల ఊపి, ఇంకో కాగితం ఇచ్చాడు. ఆపరేషన్‌కి ముందు పద్నాలుగు రోజులు పల్చటి మజ్జిగ, పప్పుతేట, రాగిజావ, ప్రొటీన్ పొడి, అంతే. దానికి తగ్గట్టు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో కూడా రాశాడు. ఎందుకో విడమర్చి చెప్పాడు. "పొట్ట మీద లివర్ కప్పుకుని ఉంటుందమ్మా. మీ లివర్ కొవ్వు పట్టి ఉబ్బి ఉంది. రెండు వారాలు ఇలా ఉంటే తగ్గుతుంది. తగ్గకపోతే నాకు పొట్ట అందదు." సరేనండీ అన్నాను.

మొదటి మూడురోజులు ఉన్నాను, అబద్ధమెందుకు. ఈలోగా కాగితం తిరిగిన ఇళ్ళన్నిట్లో కబురు పాకింది. "అది ఇంక జన్మలో కడుపునిండా తినదట." పెళ్ళికి ముందు పిల్లని చుట్టాలంతా వంతులవారీగా భోజనానికి పిలుస్తారు చూడండి, నన్ను అలా పిలవడం మొదలెట్టారు. కంకిపాడు మేనత్త నాటుకోడి పులుసు, గారెలు. "వచ్చే జన్మ దాకా ఆగాలా ఏమిటే, తిను" అని చీర కూడా పెట్టింది. ఆడపడుచు రొయ్యల వేపుడు. ఆఫీసులో సెక్షన్ అంతా కలిసి పూతరేకులు తెప్పించారు. మావారు ప్రతి విందుకీ వచ్చి, "ఇది తప్పు సుమా" అంటూ నా పక్కనే కూర్చుని తిన్నారు.

ఆఖరిది అమ్మ దగ్గర. బొబ్బట్లు చేసింది. రెండు తిన్నాక నేను కంచం మీద చెయ్యి పెట్టాను. అమ్మ నెయ్యిగిన్నె వంచింది. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారింది. ఇందులో అమ్మ తప్పేమీ లేదు. నేనే వేళ్ళు ఎడంగా పెట్టాను.

ఆసుపత్రిలో చేరిన రోజు సర్జన్ అడిగాడు. "పద్నాలుగు రోజులూ ద్రవాలే తీసుకున్నారు కదమ్మా?"

"తీసుకున్నానండీ" అన్నాను, కళ్ళలోకి చూస్తూ.

మెలకువ వచ్చాక ముందు పొట్ట తడుముకున్నాను. ఐదు చిన్న గాట్లుంటాయని చెప్పారు. గాట్ల మీద వేసే పట్టీలు రెండే ఉన్నాయి. తక్కువలోనే అయిపోయిందేమో అని ఒక్క క్షణం సంతోషపడ్డాను, చూడండి నా తెలివి. మావారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నా వైపు తిరగలేదు.

సాయంత్రం సర్జన్ వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. కెమెరా పెట్టి చూస్తే లివర్ పొట్టని మొత్తం కప్పేసి ఉందట. ఎత్తబోతే అంచు చిట్లి నెత్తురు వచ్చిందట. నెత్తురు ఆపి, ఉంగరం వెయ్యకుండానే బయటికొచ్చేశాడట. "ఎన్ని రోజులు ఉన్నారమ్మా ద్రవాల మీద?" అని అడిగాడు. "మూడు" అన్నాను. కేసు షీట్లో రాసుకున్నాడు. అంతే. ఆ రాసుకోవడానికి నాకు తల కొట్టేసినట్టయింది. నలభై మూడేళ్ళదాన్ని, ఆఫీసులో పదిమందిని అబద్ధాలు చెప్పొద్దని గద్దించేదాన్ని.

ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలోపే మానిన పుండు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఐదు నెలలు పట్టలేదు. వేలు నల్లబడింది, వాసనొచ్చింది, కుడికాలి చిటికెనవేలు తీసేశారు. "ఇక్కడితో ఆగితే అదృష్టం" అన్నారు తీసినాయన. అమ్మ పామర్రు నుంచి బస్సెక్కి వచ్చింది. మంచం మీద కట్టుతో ఉన్న కాలు ఎదురుగా కనపడుతూనే ఉంది. అయినా అడిగింది. "ఏ కాలే?"

"కుడిదేనమ్మా."

మా అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆ సంచీలో ఏం తెచ్చిందో నాకు తెలుసు. బయటికి తియ్యలేదు. సాయంత్రం అలాగే పట్టుకుని వెళ్ళిపోయింది.

కాలు నేల మీద పెట్టి నడవడం మొదలెట్టాక పోపులడబ్బా కింది గ్రాఫు కాగితం, సర్జన్ గీసిన కాగితం రెండూ తీశాను. ఈసారి పదిమందిని అడగలేదు. వన్‌టౌన్ ఆవిడ ఒక్కదానికి ఫోన్ చేశాను. "మీరు చెప్పింది అప్పుడు నేను వినలేదండీ" అన్నాను. ఆవిడ నవ్వి, "నాకు తెలుసమ్మా. మీరు ఐస్‌క్రీమ్ గురించి రెండుసార్లు అడిగారు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు ఆవిడే చెప్పింది. ఉంగరం బిగించుకోడానికి వెళ్ళాల్సిన నెలల్లో ఏదో ఒక పండగ వచ్చేదట, పెళ్ళి వచ్చేదట, వదులుగానే ఉంచమనేదట. నాకు వేరే ఎవరి సంగతో వింటున్నట్టు అనిపించలేదు. నా చేతికి బిగించే వీలూ వదులు చేసే వీలూ ఇస్తే నేనేం చేస్తానో నాకు తెలిసిపోయింది. వేళ్ళు ఎడంగా పెడతాను.

శనివారం వెళ్ళి, "మూడోది చెయ్యండి" అన్నాను.

"అది మార్చడం కుదరదమ్మా. ఆలోచించుకున్నారా?"

"అందుకేనండీ."

మావారు పక్కనుంచి "జీవితాంతం మాత్రలు..." అని ఏదో మొదలెట్టారు. "ఇప్పుడు మింగేవి బఠాణీలా?" అన్నాను.

మళ్ళీ పద్నాలుగు రోజుల కాగితం. ఈసారి అమ్మ తనే ఫోన్ చేసి, నేనొచ్చి ఉంటానంది. వద్దమ్మా అని మొత్తుకున్నాను. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే అని మావారు లోపల్లోపల గొణిగారు. అమ్మ వచ్చింది. వచ్చిన మొదటిరోజే వంటింట్లో నూనె డబ్బా, బెల్లం, జీడిపప్పు అన్నీ ఎదురింటివాళ్ళ దగ్గర పెట్టేసింది. మజ్జిగ కొలగ్లాసుతో కొలిచి ఇచ్చేది. నాలుగోరోజు కంకిపాడు మేనత్త క్యారేజీ పట్టుకుని ఆటోలో దిగింది. అమ్మ గేటు దగ్గరే నిలబడి, మూత కూడా తియ్యకుండా వెనక్కి పంపేసింది. వచ్చిన క్యారేజీని తిప్పి పంపడం మా అమ్మ జన్మలో చెయ్యని పని. మేనత్త రెండేళ్ళు మాతో మాట్లాడలేదు.

తొమ్మిదోరోజు నాకు పిచ్చెక్కింది. ఆకలంటే తెలియనివాళ్ళు తగ్గండి తగ్గండి అని తేలిగ్గా అంటారు. పక్కింట్లో తిరగమోత వేస్తే ఏడుపొచ్చేది. "ఒక్క ముద్ద పెట్టవే అమ్మా, ఒక్క ముద్ద పెరుగన్నం" అని బతిమాలాను. అమ్మ జావగ్లాసు ముందు పెట్టింది. నేను దాన్ని తోసేశాను. నేలంతా జావ.

"ఈ కాపలా ఏదో నాన్నకి కాయాల్సింది. ఉండేవాడు" అన్నాను.

అన్నాక భయం వేసింది. అమ్మ గుడ్డ తెచ్చి నేల తుడిచింది. మళ్ళీ కొలగ్లాసు తీసి, ఇంకో గ్లాసు జావ కలిపి తెచ్చింది. నా మొహం చూడలేదు. నేను తాగాను. క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. మిగిలిన ఐదు రోజులూ ఇద్దరం మజ్జిగ గురించే మాట్లాడుకున్నాం.

ఆపరేషన్ అయింది. మెలకువ రాగానే తడుముకున్నాను, ఐదు పట్టీలు. సర్జన్ వచ్చి, "ఈసారి లివర్ చక్కగా పక్కకి తప్పుకుందమ్మా" అన్నాడు. వారంలో ఇన్సులిన్ సగానికి సగం తగ్గించారు, రెండు నెలలకి మానేశారు. తీపి మీద ఒకసారి దొంగతనం చేశాను, అరముక్క జిలేబీ. చెమటలు కక్కి, గంటసేపు మంచం మీద గిలగిల్లాడాను. ఇంక దాని జోలికి పోలేదు. వెంట్రుకలు రాలాయి, చర్మం వేలాడింది, అందమైతే రాలేదు. పాదం మాత్రం మానింది. తొమ్మిది వేళ్ళతో రెండు కాళ్ళ మీద ఆఫీసుకు వెళ్ళాను. అటెండర్ని పిలిచి కుర్చీకి చేతులు పెట్టించుకున్నాను.

ఐదు నెలల తర్వాత పామర్రు వెళ్ళాను. బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచే వెళ్ళాను. అమ్మ గుమ్మంలో నిలబడి నన్ను కాదు, నా కాళ్ళని చూసింది. మధ్యాహ్నం కంచం పెట్టింది. నాలుగు చెంచాల మెత్తటి అన్నం, మామిడికాయ పప్పు. నేను నిదానంగా నమిలి తిన్నాను. ఆవిడ చెయ్యి ఊరుకోలేదు, అలవాటైన చెయ్యి. పప్పుగరిటె పైకి లేచింది. నేను కంచం మీద చెయ్యి పెట్టాను. వేళ్ళు దగ్గరగా పెట్టాను.

గరిటె ఆగిపోయింది. అమ్మ నా చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఆయనా పెట్టాడే" అంది.

"ఎవరమ్మా?"

"మీ నాన్న. డాక్టరు చెప్పిన రోజు నుంచీ పూటపూటా ఇలాగే పెట్టాడు. సందు కూడా లేకుండా పెట్టేవాడు. నేనే చేతిమీద వేసేదాన్ని. చెయ్యి కాలి తీసేసేవాడు. నా మొహం చూసేవాడు, ఏమీ అనలేక తినేవాడు." గరిటె దించి, "ఆ రోజు జావ తోసేసి నువ్వన్నది నిజమేనే" అంది.

నేను కంచం మీంచి చెయ్యి తియ్యలేదు. అమ్మ గరిటెలో ఉన్న పప్పు మళ్ళీ గిన్నెలో వంచి, మూత పెట్టింది.